ఒకే పేరు, ఆరుగురు పిల్లలు: డండీలో మీ పూర్వికుడిని గుర్తుపట్టడం ఎలా?

ప్రశ్న: అయ్యా, మాది సికింద్రాబాదు, లాలాగూడ. మా అమ్మమ్మ ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో పుట్టింది. ఆమె తాతగారు స్కాట్లాండులోని డండీ నుంచి రైలింజన్ల ఫిట్టరుగా వచ్చి, 1884లో సికింద్రాబాదులో పెళ్ళి చేసుకుని ఇక్కడే స్థిరపడ్డారని మా ఇంట్లో చెప్పుకుంటారు. ఆయన బైబిలు మొదటి పేజీలో పెళ్ళి తేదీ, అప్పటికి ఆయన వయసు 27 అనీ, ‘డండీ’ అనీ, ఆ కింద ఐదుగురు పిల్లల పేర్లూ రాసి ఉన్నాయి. ఇంటర్నెట్‌లో వెతికితే 1855–1859 మధ్య అదే పేరుతో డండీలో పుట్టిన మగపిల్లలు ఆరుగురు కనిపించారు. వారిలో 1857లో పుట్టిన అబ్బాయిని పట్టుకుంటే, ఎవరో తయారుచేసి పెట్టిన వంశవృక్షం ఏకంగా 1640 దాకా వెళ్ళింది. అది మా వంశమేనని ఎలా తేల్చుకోవాలి? పారిష్ రిజిస్టర్లు, జనాభా లెక్కలు చూడటం ఎలా? – ఒక పాఠకురాలు

సమాధానం: అమ్మా, ముందుగా ఆ 1640 నాటి వంశవృక్షాన్ని పక్కన పెట్టండి. అది తప్పని నేను అనడం లేదు. ఎవరి వంశానికో అది అక్షరాలా సరైనదే కావచ్చు. కానీ మీ బైబిల్లోని మనిషికీ, ఆ వృక్షం కొమ్మ మీదున్న 1857 నాటి పసివాడికీ మధ్య పేరు తప్ప మరే సంబంధమూ ఇంతవరకూ రుజువు కాలేదు. స్కాట్లాండులో ఇంటిపేర్లు తక్కువ, పిల్లలకు పెట్టే పేర్లు ఇంకా తక్కువ. జాన్, జేమ్స్, విలియం, మార్గరెట్, జానెట్ అనే నాలుగైదు పేర్లే ఇల్లిల్లూ తిరుగుతుంటాయి. మన ఊళ్ళో ఒట్టి ‘వెంకటేశ్వర్లు’ అని రాసిన ఉత్తరం వస్తే పోస్టుమాన్ ‘ఏ వెంకటేశ్వర్లు?’ అని ఎలా అడుగుతాడో, డండీ రిజిస్టరు ముందు మీరూ అలాగే అడగాలి. తండ్రి ఎవరు, తల్లి పుట్టింటి ఇంటిపేరేమిటి, ఏ పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) వారు అన్న మూడింటికీ జవాబు దొరికేదాకా ఆ ఆరుగురిలో ఎవరూ మీవారు కారు.

ఈ మూడింటిలో మొదటిది, అంటే తండ్రి పేరు, స్కాట్లాండు దాకా వెళ్ళకుండానే దొరికే అవకాశం ఉంది. బ్రిటిష్ పాలనలో మన దేశంలోని చర్చిల్లో జరిగిన బాప్తిస్మాలు, పెళ్ళిళ్ళు, సమాధుల నమోదులకు నకళ్ళు తీసి లండన్‌కు పంపేవారు. మద్రాసు ప్రెసిడెన్సీకి సంబంధించినంతవరకూ ఈ నకళ్ళు 1698 నుంచి ఉన్నాయి. అవి ఇప్పుడు బ్రిటిష్ లైబ్రరీలోని ఇండియా ఆఫీసు రికార్డుల్లో భాగం. సికింద్రాబాదు నిజాం రాజ్యంలో ఉన్నా, కంటోన్మెంటు మద్రాసు సైన్యానిది కాబట్టి అక్కడి చర్చి నమోదులను కూడా ముందు మద్రాసు సంపుటాల్లోనే వెతకాలి. ఫ్యామిలీసెర్చ్ అనే వెబ్‌సైటులో వీటి సూచికలను ఉచితంగా చూడవచ్చు; ఫైండ్‌మైపాస్ట్‌లో డబ్బు కడితే అసలు పేజీల చిత్రాలే దొరుకుతాయి. సూచికతో సరిపెట్టుకోకుండా పేజీ చిత్రమే తెప్పించుకోండి. ఎందుకంటే ఆ పెళ్ళి పట్టికలో వధూవరుల వయసు, వృత్తి, నివాసంతో పాటు ఇద్దరి తండ్రుల పేర్లకూ ఒక గడి ఉంటుంది. చివర సాక్షుల సంతకాలు ఉంటాయి. మనకు కావలసింది ఆ తండ్రి గడి. సాక్షుల్లో అదే ఇంటిపేరు గలవారు ఉంటే అన్నదమ్ములో, పినతండ్రి కొడుకులో కూడా వెంట వచ్చారేమోనని ఆలోచించవచ్చు.

పూర్వికులు రైల్వేలో కాక ఈస్టిండియా కంపెనీ సైన్యంలో అధికారులుగా వచ్చిన కుటుంబాలకు ఇంకో దారి ఉంది. క్యాడెట్‌గా చేరే కుర్రవాడు తన బాప్తిస్మం రుజువును కంపెనీకి చూపించాలి. ఆ కాగితాలు నేటికీ ఉన్నాయి. స్కాట్లాండు జాతీయకవి రాబర్ట్ బర్న్స్ కొడుకు విలియం నికోల్ బర్న్స్ కూడా మద్రాసు సైన్యంలో అలా చేరినవాడే. ఈ బర్న్స్ కుటుంబాన్ని ఇక్కడ ఊరికే తలచుకోలేదు. రిజిస్టర్లను చదవడం ఎలాగో చూపడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తోచడం లేదు.

మీ బైబిల్లో ఉన్న ఐదుగురు పిల్లల పేర్లు వరుసలోనే ఉన్నాయి కదా, ఆ వరుస చెదరకుండా ఒక కాగితం మీద రాసుకోండి. తాత పేరు మనవడికి పెట్టడం మనకు కొత్త కాదు. స్కాట్లాండులో దానికి ఒక క్రమం కూడా ఉండేది. పెద్దకొడుక్కి తండ్రి తండ్రి పేరు, రెండో కొడుక్కి తల్లి తండ్రి పేరు, మూడో కొడుక్కి తండ్రి పేరు. ఆడపిల్లల్లో పెద్దదానికి తల్లి తల్లి పేరు, రెండోదానికి తండ్రి తల్లి పేరు, మూడోదానికి తల్లి పేరు. కవి బర్న్స్ పుట్టిన ఇంట్లో చూడండి: పెద్దవాడు రాబర్ట్, తండ్రి తండ్రి రాబర్ట్, రెండోవాడు గిల్బర్ట్, తల్లి తండ్రి గిల్బర్ట్ బ్రౌన్, మూడోవాడు విలియం, తండ్రి విలియం. పెద్దకూతురు ఆగ్నెస్‌కు అమ్మమ్మ పేరే పెట్టారు. ఇంతవరకూ సూత్రం గడియారంలా నడిచింది. రెండో కూతురికి మాత్రం నాయనమ్మ పేరు ఇసబెల్లా రావలసి ఉండగా అనబెల్లా అని పెట్టారు. ఇసబెల్లా అన్న పేరు 1771లో పుట్టిన ఆఖరి పిల్లకు వచ్చింది. అంటే ఈ క్రమం ఎటు వెతకాలో చెబుతుందే తప్ప దేన్నీ రుజువు చేయదు. మీ బైబిల్లోని పెద్దకొడుకు పేరు సికింద్రాబాదు పెళ్ళి పట్టికలోని తండ్రి పేరుతో కలిస్తే మాత్రం ఆ తండ్రి పేరు సరిగానే రాశారన్న నమ్మకం మరికొంత పెరుగుతుంది.

తండ్రి పేరు చేతికొచ్చాక ఆ ఆరుగురి దగ్గరికి వెళ్ళండి. ఇక్కడ చాలామంది ‘వీళ్ళలో మావాడెవరు?’ అని వెతుకుతారు. ‘వీళ్ళలో మావాడు కానివారెవరు?’ అని వెతకడం నా అనుభవంలో త్వరగా తెములుతుంది. స్కాట్లాండులో 1855 జనవరి 1 నుంచి జనన మరణ వివాహాలన్నిటినీ ప్రభుత్వమే నమోదు చేస్తోంది కాబట్టి, మీ ఆరుగురికీ జనన పత్రాలు ఉంటాయి. వాటిలో తండ్రి పేరు కలవనివాటిని తీసేయండి. మిగిలినవారి పేర్లను మరణాల సూచికలో చూడండి. ఆ కాలపు డండీలో పసిపిల్లల మరణాలు ఎక్కువ, కాబట్టి ఒకరో ఇద్దరో ఐదేళ్ళు నిండకుండానే పోయి ఉండవచ్చు. చనిపోయిన బిడ్డ పేరునే తరువాత పుట్టినవాడికి పెట్టే అలవాటు కూడా ఉండేది. ఒకే తల్లిదండ్రులకు ఒకే పేరుతో ఇద్దరు కొడుకులు కనిపిస్తే కంగారు పడవద్దు. ఇంకా మిగిలినవారి కోసం 1891 జనాభా లెక్కలు తీయండి. 1891 ఏప్రిల్ 5 రాత్రి భార్యాపిల్లలతో డండీలో ఉన్నవాడు 1884లో సికింద్రాబాదులో పెళ్ళి చేసుకుని ఇక్కడే ఉండిపోయిన మీ తాతగారు కాలేడు. ఇలా ఏరుకుంటూ పోతే చివరకు ఒకడో ఇద్దరో మిగులుతారు. ఎవరూ మిగలకపోయినా ఆశ్చర్యం లేదు. ఊరుగాని ఊళ్ళో ‘మాది డండీ’ అన్న మనిషి నిజానికి పక్కన ఏ లాక్‌హీలోనో, బ్రాటీ ఫెర్రీలోనో పుట్టి ఉండవచ్చు. మన శంషాబాదువాడు అమెరికాలో ‘మాది హైదరాబాదు’ అనడం లేదా?

జనన పత్రాల విషయంలో మీకు చిన్న దురదృష్టం ఒకటి ఉంది. 1855లో, అంటే మొట్టమొదటి ఏడాది, స్కాట్లాండు వారు ఉత్సాహం కొద్దీ తల్లిదండ్రుల వయసులు, వారు పుట్టిన ఊళ్ళు, పెళ్ళయిన తేదీ, అంతకుముందు పుట్టిన పిల్లలెందరు, వారిలో బతికున్నవారెందరు అన్నీ రాయించారు. రిజిస్ట్రార్లకు ఆ భారం మోయలేనిదైంది. 1856 నుంచి ఆ గడులన్నీ తీసేశారు. తల్లిదండ్రుల పెళ్ళి తేదీ, స్థలం మాత్రం 1861లో తిరిగి చేర్చారు. మీ తాతగారు 1857 ప్రాంతంలో పుట్టారు కనుక ఆయన పత్రంలో అవి ఉండవు. దీనికి విరుగుడు సులువు: ఆయన తమ్ముడో చెల్లెలో 1861 తరువాత పుట్టి ఉంటే ఆ బిడ్డ పత్రం తెప్పించండి. తల్లిదండ్రులు ఒకరే కాబట్టి వారి పెళ్ళి తేదీ అందులో దొరుకుతుంది. 1855లో పుట్టిన అన్నో అక్కో ఉంటే మీ పంట పండినట్టే.

ఆ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఎవరో చెప్పేది జనాభా లెక్కలు. మొట్టమొదట పనికొచ్చే లెక్కలు 1841వి, కానీ వాటిని నమ్మేటప్పుడు జాగ్రత్త కావాలి. పదిహేనేళ్ళు దాటినవారి వయసును ఐదుకు కుదించి రాశారు, అంటే 39 ఏళ్ళవాడు 35 అవుతాడు. ఇంట్లో ఎవరికెవరు ఏమవుతారో రాయలేదు. పుట్టిన చోటు ఈ కౌంటీయేనా (మన జిల్లా లాంటిది) కాదా అని మాత్రం అడిగారు. పైగా కిర్కాల్డీ, కూపర్ వంటి కొన్ని ఫైఫ్ పారిష్‌ల 1841 పుస్తకాలు లండన్ నుంచి ఎడిన్‌బరోకు తిరిగి వచ్చే దారిలో ఓడ మీది నుంచి సముద్రం పాలయ్యాయి. 1851 నుంచి పరిస్థితి బాగుపడింది: ఇంటి యజమానికి ఏమవుతారు, పెళ్ళయిందా, వయసెంత, వృత్తి ఏమిటి, పుట్టిన పారిష్ ఏది అన్నీ ఉంటాయి.

మీరు ముందుగా తీయవలసింది 1861 ఏప్రిల్ 7 రాత్రి నాటి లెక్క. నాలుగేళ్ళ మీ తాతగారు, వాళ్ళ అమ్మానాన్నా ఒకే పేజీలో కనిపించాలి. డండీ అప్పటికే జనపనార నగరం, ముడి జనుము మన బంగాళం నుంచే వెళ్ళేది. కాబట్టి తల్లో పెద్దక్కో జనపనార మిల్లులో పని చేస్తున్నట్టు రాసి ఉంటే అది మామూలే. పేజీ చివరి గడిలో ఒక అంకె ఉంటుంది. ఆ ఇంట్లో కిటికీ ఉన్న గదులు ఎన్ని అన్నది స్కాట్లాండు లెక్కలవారు 1861 నుంచి అడిగేవారు. ఏడుగురి పేర్ల పక్కన ‘1’ అని కనిపిస్తే ఆ కాపురం ఎలాంటిదో మరొకరు చెప్పనక్కరలేదు. మనకు అసలు కావలసింది దానికి ముందున్న గడుల్లో ఒకటి: తండ్రి, తల్లి పుట్టిన పారిష్. డండీకి పల్లెల నుంచి వలస వచ్చినవారు ఎక్కువ కాబట్టి అక్కడ ‘ఫోర్ఫర్‌షైర్, కిరిమ్యూర్’ లాంటి మాట ఉండవచ్చు. ఫోర్ఫర్‌షైర్ అంటే నేటి ఆంగస్. పాత పేరుతో ఆధునిక పటంలో వెతికితే దొరకదు. అదే కుటుంబాన్ని 1871, 1881లలో కూడా చూడండి. వయసులు పదేళ్ళకోసారి పదేళ్ళు పెరగాలన్న నియమమేమీ లేదు, మనుషులు ముఖ్యంగా నలభై దాటాక కాస్త నెమ్మదిగానే పెరిగేవారు. కానీ పుట్టిన పారిష్ మూడుసార్లూ ఒకటే అయితే అది నమ్మదగినది. 1881లో మీ తాతగారు ‘ఇంజన్ ఫిట్టర్’గా అక్కడే కనిపిస్తే, మీ ఇంట్లో చెప్పుకునే కథకు అంతకన్నా గట్టి సాక్ష్యం ఉండదు.

తల్లిదండ్రుల పెళ్ళి 1855కు ముందే జరిగి ఉంటే, ఇక అక్కడి నుంచి మీరు పాత పారిష్ రిజిస్టర్లలోకి దిగాలి. ఇవి ప్రభుత్వం రాసినవి కావు. స్కాట్లాండు చర్చికి చెందిన సుమారు 900 పారిష్‌లలో సంఘ గుమాస్తాలు రాసిన పుస్తకాలు. అన్నిటికన్నా పాతది పెర్త్‌షైర్‌లోని ఎరల్ పారిష్‌ది, 1553లో మొదలవుతుంది. అలాగని అన్నీ అంత పాతవి కావు. ఉత్తరాది కొండసీమలోనూ పశ్చిమ దీవుల్లోనూ చాలా పారిష్‌లలో పుస్తకాలు బాగా ఆలస్యంగా మొదలయ్యాయి. మన పల్లెల కైఫీయత్తులను ఊరూరా సేకరింపజేసిన కాలిన్ మెకంజీ అలాంటి దీవిలోని స్టోర్నవే ఊరివాడు. వేల గ్రామాల చరిత్ర రాయించిన ఆ పెద్దమనిషి తాను పుట్టింది 1753లోనా 1754లోనా అన్నది మాత్రం చరిత్రకారులు నేటికీ రెండు రకాలుగా రాస్తున్నారు.

పుస్తకం తెరిచాక ఏం కనిపిస్తుందో బర్న్స్ నమోదు చూస్తే తెలుస్తుంది. ఎయిర్ పారిష్ పుస్తకంలోని ఆ నాలుగు వరుసల సారాంశం ఇది: అలవేలో ఉంటున్న విలియం బర్న్స్‌కూ అతని భార్య ఆగ్నెస్ బ్రౌన్‌కూ ధర్మబద్ధంగా పుట్టిన కొడుకు రాబర్ట్, 1759 జనవరి 25న జననం, 26న విలియం డాల్రింపుల్ చేతుల మీదుగా బాప్తిస్మం, సాక్షులు జాన్ టెనంట్, జేమ్స్ యంగ్. ఇందులో మూడు సంగతులు గమనించండి. తల్లి పేరు పెళ్ళికి ముందున్న ఇంటిపేరుతోనే రాశారు. స్కాట్లాండు స్త్రీ చట్టం దృష్టిలో పుట్టింటి ఇంటిపేరును వదులుకోదు, అందుకే అక్కడి రికార్డుల్లో తల్లి వైపు కూడా వెనక్కి వెళ్ళగలం. రెండోది, తండ్రి తన ఇంటిపేరును ‘బర్నెస్’ అని పలికేలా రాసుకునేవాడు. గుమాస్తా మాత్రం ‘బర్న్స్’ అని రాశాడు. కాబట్టి ఒక్క వర్ణక్రమానికే కట్టుబడి వెతికితే మీ మనిషి పక్క పేజీలోనే ఉండి కూడా దొరకడు. పేర్లకూ ఇదే వర్తిస్తుంది: జేన్, జీన్, జానెట్, జెస్సీ ఒకరే కావచ్చు, ఇసబెల్, ఎల్స్‌పెత్, ఎలిజబెత్ కూడా, పీటర్, ప్యాట్రిక్ అయితే చాలాచోట్ల ఒకటే పేరు. మూడోది సాక్షులు. బంధువులో ఇరుగుపొరుగో అయి ఉంటారు. ఒకే పేరుతో ఇద్దరు తండ్రులు ఉన్న పల్లెలో వారిని విడదీయడానికి సాక్షుల పేర్లే ఆధారం.

అందరి నమోదులూ ఇంత నిండుగా ఉంటాయని ఆశపడకండి. కొన్ని పుస్తకాల్లో తల్లి పేరే లేదు. పెళ్ళి నమోదులు చాలావరకు అసలు పెళ్ళివి కావు, చర్చిలో చదివిన పెళ్ళి ప్రకటనవి. వధువు పారిష్‌లోనూ వరుడి పారిష్‌లోనూ రెండు చోట్లా చదువుతారు కాబట్టి రెండు పుస్తకాలూ చూడండి, ఒకదానిలో లేని తండ్రి పేరు ఇంకోదానిలో ఉండవచ్చు. మరణాల నమోదు ఇంకా అరుదు. చాలా పారిష్‌లలో శవపేటిక మీద కప్పే నల్లబట్టను అద్దెకిచ్చిన లెక్కే ఆ మనిషి చనిపోయాడనడానికి మిగిలిన ఏకైక సాక్ష్యం. 1783 నుంచి 1794 దాకా ప్రతి నమోదు మీదా మూడు పెన్నీల పన్ను వేశారు, దాన్ని తప్పించుకోవడానికి జనం రాయించడమే మానుకున్నారు. మీ పూర్వికులు ఆ దశాబ్దంలో పుట్టి ఉంటే పుస్తకంలో లేకపోవడం వింత కాదు. 1843 మే నెలలో స్కాట్లాండు చర్చి చీలి, మూడోవంతు మంది పాదిరులు బయటికి వచ్చి ఫ్రీ చర్చి పెట్టుకున్నారు. మీ తాతగారి అన్నలూ అక్కలూ 1843–1854 మధ్య పుట్టినవారైతే, వారి బాప్తిస్మం పాత పారిష్ రిజిస్టర్లో కాకుండా ఆ చర్చి పుస్తకాల్లో ఉండవచ్చు.

ఇక ప్రతి పారిష్ చర్చిలోనూ పాదిరీ, పెద్దలూ కూర్చునే సంఘ పెద్దల సభ (కిర్క్ సెషన్) పుస్తకాలు వేరు, వాటికి నేను ప్రత్యేకంగా సమయం కేటాయిస్తాను. పేదలకు ఇచ్చిన సాయం, పారిష్ మారేవారికి ఇచ్చిన యోగ్యతా పత్రాలు, పెళ్ళి కాకుండా పుట్టిన బిడ్డ తండ్రి ఎవరని జరిపిన విచారణలు అన్నీ వాటిలో ఉంటాయి. ఆ విచారణ వెనక నీతి ఎంత ఉందో లెక్క కూడా అంతే ఉంది. తండ్రి తేలకపోతే బిడ్డ పోషణ పారిష్ నిధి మీద పడుతుంది. 1786లో మాక్లిన్ చర్చిలో రాబర్ట్ బర్న్స్, జీన్ ఆర్మర్ మందలింపు అందుకున్నారు, రెండేళ్ళ తరువాత అదే సంఘం వారి పెళ్ళిని గుర్తించింది. పాదిరి లేకుండా ఇద్దరూ సమ్మతితో భార్యాభర్తలమని ప్రకటించుకున్నా స్కాట్లాండు చట్టం 1940 దాకా దాన్ని పెళ్ళిగానే ఒప్పుకునేది, కాబట్టి మీ వారి పెళ్ళి ఎక్కడా కనిపించకపోతే ఈ పుస్తకాలు చూడకుండా ఊరుకోవద్దు.

తల్లిదండ్రుల నుంచి ఇంకో తరం వెనక్కి వెళ్ళడానికి అన్నిటికన్నా దగ్గర దారి వారి మరణ పత్రం. 1855 తరువాత డండీలో చనిపోయినవారి పత్రంలో వారి తండ్రి పేరు, వృత్తి, తల్లి పేరు, ఆమె పుట్టింటి ఇంటిపేరు ఉంటాయి. 1870లో ఎనభై ఏళ్ళ ముసలమ్మ పోతే, ఆ ఒక్క కాగితం మనల్ని బహుశా 1760ల్లో పుట్టిన దంపతుల పేర్ల దగ్గరికి తీసుకువెళుతుంది. అయితే ఆ వివరాలు చెప్పింది ఎవరో కింద సంతకం గడిలో చూడండి. కొడుకు చెబితే ఒక రకం, అల్లుడు చెబితే ఒక రకం. అత్తగారి తల్లి పుట్టింటి పేరు గుర్తుంచుకునే అల్లుళ్ళు అక్కడ కూడా తక్కువే.

ఇవన్నీ స్కాట్లాండు ప్రభుత్వ దస్తావేజుల శాఖ నడిపే స్కాట్లాండ్స్‌పీపుల్ అనే వెబ్‌సైటులో ఉన్నాయి. సూచికల్లో వెతకడానికి డబ్బు అక్కరలేదు. జనాభా లెక్కల పేజీకైనా, జనన పత్రానికైనా ఒక్కో చిత్రానికి ఆరు క్రెడిట్లు, అంటే ఒకటిన్నర పౌండు అవుతుంది. సంఘ పెద్దల సభ పుస్తకాలను మాత్రం ఉచితంగానే తిరగేయవచ్చు. వెతికేటప్పుడు పారిష్ సంఖ్య కూడా రాసి పెట్టుకోండి; డండీది 282. పాత పారిష్ ఊహకు అందకపోతే, 1790లలో సర్ జాన్ సింక్లెయిర్ ప్రతి పారిష్ పాదిరి చేతా రాయించిన వివరాలు చదవండి. అక్కడి పంటలు, కూలి రేట్లు, జనం సంఖ్య, ఒక్కోసారి పాదిరిగారి విసుగు కూడా అందులో దొరుకుతుంది. ఇంటిపేరు కొట్టగానే మీ గోత్రపు (కొండ తెగ) గళ్ళబట్ట, అంటే టార్టన్, ఇదేనని చూపించే అంగళ్ళ జోలికి మాత్రం పోవద్దు. డండీ మైదాన ప్రాంతపు నేతగాళ్ళలో చాలామందికి ఏ కొండ తెగతోనూ సంబంధం లేదు.

మీరు ఈ వారం చేయవలసింది ఒక్కటే: ఆ బైబిలు పేజీని పగటి వెలుతురులో ఫొటో తీసి, 1884 పెళ్ళి నమోదు పేజీ చిత్రం తెప్పించండి. తండ్రి గడిలో ఏం రాసి ఉందో, బైబిల్లో పెద్దకొడుకు పేరేమిటో రెండూ నాకు రాయండి. అవి చూశాక 1861 లెక్కల్లో ఆ ఆరు ఇళ్ళలో ముందు ఏ ఇంటి తలుపు తట్టాలో చెబుతాను.